బ్రేకమ్మ నడిపిన బండి

ఆ ఊళ్లో కారు నడిపే ఆడవాళ్లలో సగం మంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. మగవాళ్లలోనూ తక్కువేం లేరు గానీ, వాళ్లు ఆ సంగతి పైకి చెప్పుకోరు. డ్రైవింగ్ స్కూలు కారులో, నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించిన రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, ఇరవై ఏళ్లకు పైగా ఊరంతా తిరిగింది. అందుకని ఆమెకి బ్రేకమ్మ అని పేరు పడిపోయింది. మొదట్లో చాటుగా అనేవాళ్లు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా విసుక్కుని విసుక్కుని మానేసింది. ఫోనులో ఎవరైనా "ఎవరండీ మాట్లాడేది?" అంటే "బ్రేకమ్మని" అనేసేది.

ఆ ఉద్యోగం చూసేవాళ్లకి తేరగా కూర్చుని చేసేదిలా కనిపిస్తుంది. "నీకేమమ్మా, పొద్దస్తమానం కార్లో షికారు" అనేవారు ఇరుగుపొరుగు. షికారే మరి! క్లచ్ మీంచి కాలు తియ్యమంటే బ్రేకు మీంచి తీసేవాళ్లు, ఎడమకి తిప్పమంటే ముందు ఏది ఎడమో ఆలోచించేవాళ్లు, ఎదురుగా లారీ కనబడగానే స్టీరింగు వదిలేసి రెండు చేతులతో కళ్లు మూసుకునేవాళ్లు. కిరాణా కొట్టాయన ఒకాయనైతే ప్రతి మలుపు దగ్గరా "మీరున్నారుగా మేడమ్" అని ధైర్యంగా చెప్పి, ఎటూ చూడకుండా తిప్పేసేవాడు. స్టీరింగు వాళ్ల చేతుల్లో, ప్రాణాలు మాత్రం ఆమె పాదం కింద. ఏ క్షణాన ఎవరు ఏం చేస్తారో తెలియదు కాబట్టి ఆ పాదం ఎప్పుడూ బ్రేకు మీద గాల్లో వేలాడుతూనే ఉండాలి. సాయంత్రానికి మోకాలు బంతిలా వాచేది. గొంతు తడారిపోయేది. నిద్దట్లో కూడా "మెల్లగా... మెల్లగా అన్నానా!" అని పలవరిస్తుందని వదిన అందరికీ చెప్పేది.

వదిన అంటే భర్తకి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాక తమ్ముడి ఇంటికొచ్చి, ముందుగదిలో కిటికీ పక్క మంచం తనదని తేల్చేసుకుంది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఇంట్లో ఎవరు ఏ గదిలో గుసగుసలాడుకున్నా ఆవిడ చెవిన పడాల్సిందే, దాని మీద ఆవిడ ఒక మాట అనాల్సిందే.

బ్రేకమ్మ భర్త నీటి మోటార్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. మాటలు తక్కువ. చెడ్డ అలవాటంటూ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కారు.

ఆ కారు ఇంటికొచ్చిన తీరే విచిత్రం. ఊరి చివర ఒక పాత బంగళాలో బోరు మోటారు చెడిపోతే బాగుచేయడానికి వెళ్లాడాయన. వెనక కొట్టంలో టార్పాలిన్ కింద ఏదో ఉబ్బెత్తుగా కనిపించింది. ఎత్తి చూస్తే పొడుగాటి ముక్కుతో, నేలకి కరుచుకున్నట్టుండే రెండు సీట్ల పాతకాలపు స్పోర్ట్స్ కారు. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఇంజను తుప్పు పట్టి ముద్దయిపోయింది. బంగళా వాళ్లు "ఎలాగూ కొట్టం పడగొట్టేస్తున్నాం, నీక్కావాలంటే ఈడ్చుకుపో" అన్నారు. ఆయన నిజంగానే ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొచ్చాడు. అప్పటికి బ్రేకమ్మ తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు.

అక్కడి నుంచి ఆయన ఆదివారాలన్నీ ఆ షెడ్డుకే వెళ్లిపోయాయి. పాత ఇంజను ఇక పనికిరాదని తేలింది. అలాంటిది ఇంకోటి దొరికే ఆశ లేదు. చివరికి వెనకనుంచి లారీ గుద్దితే తుక్కయిపోయిన ఇంటిల్లిపాదీ ఎక్కే పెద్ద కారు ఒకదాని లోంచి, చెక్కుచెదరని టర్బో ఇంజను ఒకటి సంపాదించాడు. టర్బో అంటే ఏమిటో ఆయన ఒకసారి భార్యకి చెప్పాడు. ఇంజను లోంచి బయటికి పోయే పొగ ఉత్తినే పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందట. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి, బయటి గాలిని ఇంజనులోకి బలవంతంగా కుక్కుతుందట. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే బలం ఎక్కువ.

"అంటే వద్దన్నా నోట్లో కుక్కి పెంచడం అన్నమాట" అంది వదిన కిటికీ లోంచి.

ఆ ఇంజను ఈ కారు కోసం పుట్టింది కాదు. దాన్ని ఇందులో ఇమడ్చడానికి ఆయన పడని పాట్లు లేవు. ఇంజనుని కూర్చోబెట్టే దిమ్మెలు కొత్తగా చేశాడు. అడ్డొచ్చిన రేకుని సుత్తితో లోపలికి నొక్కాడు. వెనక చక్రాలకి పోయే పొడవు రాడ్డుని కోయించి పొట్టి చేయించాడు. వైర్లన్నీ విప్పి నేలమీద పరిచి, ఏది ఎక్కడికి పోతుందో తెలియక తలపట్టుకుని కూర్చున్న ఆదివారాలు ఎన్నో. భోజనానికి పిలిస్తే "ఇదిగో వస్తున్నా" అనేవాడు. ఆ ఇదిగో ఏ మూడింటికో అయ్యేది.

"అమ్మాయ్, నీ సవతికి ఇవాళ స్నానం అయిందా? నలుగు పెట్టాడా మావాడు?" అని వదిన ఆటపట్టించేది.

"సవతైతే నయం వదినా. జుట్టు పట్టుకోవచ్చు" అనేది బ్రేకమ్మ. నవ్వుతూనే అనేది గానీ, అలసిపోయి ఇంటికొచ్చిన మనిషికి షెడ్డులోంచి వినిపించే ఆ సుత్తి చప్పుడు తలలోనే కొట్టినట్టుండేది.

ఇన్నేళ్లలో ఆమె ఆ కారు విషయంలో కలగజేసుకున్నది ఒక్కసారే. ఇంజను కూర్చున్నాక ఆయన మురిసిపోతూ, ముందటి ఇంజనుకీ దీనికీ బలంలో ఎంత తేడానో చెబుతున్నాడు. అంతా విని ఆమె, "ఇంత పరిగెత్తిస్తారు సరే. ఆపడానికేం పెట్టారు?" అంది.

పాత బ్రేకులే ఉన్నాయి. ఆ తర్వాత నెలలకి నెలలు బ్రేకులు మార్చడానికే పట్టాయి.

ఆఖరికి ఒక రోజు ఇంజను పలికింది. పలికింది అంటే షెడ్డు రేకులు అదిరిపడి, వదిన మంచం మీంచి లేచి కూర్చుని, పక్కింటి కుక్క గోడదూకి పారిపోయేలా పలికింది. ఆయన చేతులకంటిన గ్రీజు ముఖానికి పూసుకుంటున్నానన్న ధ్యాస కూడా లేకుండా, నీళ్లు నిండిన కళ్లు తుడుచుకున్నాడు. బ్రేకమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. సంతోషమే అనిపించింది. కానీ ఆ సంతోషం ఎక్కడో దూరంగా, వేరే ఇంట్లో జరుగుతున్నట్టు ఉంది. మోకాలు లాగుతోంది. మర్నాడు పొద్దున్నే కొత్త బ్యాచి.

ఇక నాలుగు చిన్న పనులు చేస్తే రోడ్డెక్కించడమే అనుకుంటుండగా, గేర్‌బాక్సు కిందనుంచి ఏదో కారుతోందని ఆయన దాన్ని మళ్లీ దింపాడు. తిరిగి ఎత్తేటప్పుడు సాయానికి ఎవరినీ పిలవలేదు. పొట్టమీద పెట్టుకుని లేపబోయాడు. నడుంలో టక్కుమని ఏదో పలికింది. అంతే, కారు కిందే పడుండిపోయాడు. ఆమె స్కూలు నుంచి వచ్చేదాకా వదిన ఆయన పక్కన నేలమీద కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంది, తిడుతూనే ఉంది.

ఆపరేషన్ అయింది. లేచి నడిచాడు. కానీ డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది, బరువు ఎత్తకూడదు, కిందికి దిగబడే సీట్లో కూర్చుని గట్టి క్లచ్ తొక్కడం అసలు కుదరదు అని.

"ఎన్నాళ్లండీ?" అని అడిగాడాయన.

"ఎన్నాళ్లని అడక్కండి. మానేశాననుకోండి" అందావిడ.

వెల్డింగ్ షాపు స్నేహితుడొచ్చి గేర్‌బాక్సు ఎత్తి బిగించి వెళ్లాడు. కారు తయారైంది. ఆయన సాయంత్రాలు షెడ్డులో ఎత్తు స్టూలు మీద కూర్చుని దానివైపు చూస్తూ ఉండేవాడు. ఇంట్లో మనిషి ఏడిస్తే ఓదార్చొచ్చు, కోప్పడితే తిరిగి కోప్పడొచ్చు. ఊరికే చూస్తూ కూర్చునేవాణ్ణి ఏం చేస్తాం?

ఒక సాయంత్రం ఆమె వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునుంటే, మెల్లగా గోడ పట్టుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కొత్తగా కూర్చిన ఇంజను. అలా ఉంచేస్తే పాడైపోతుంది. కొన్నాళ్లు నెమ్మదిగా తిప్పితే లోపల అన్నీ సర్దుకుంటాయి. పొద్దున్నే ఓ అరగంట..."

"ఎవరు తిప్పుతారు?"

"నువ్వు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదని చూసి ఆపేసింది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్లోనే కదండీ నేను చస్తోంది? ఇంటికొచ్చి కూడా కారేనా? నా వల్ల కాదు."

"సరేలే" అన్నాడు. వచ్చినంత మెల్లగానూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున టీ తాగుతుంటే వదిన అంది: "వాడు రెండోసారి అడగడు. నువ్వు వాడి మొహం చూసి కాదని ఉండలేవు. ఎలాగూ జరిగేదానికి ఇంట్లో అందరూ ఎందుకమ్మాయ్ ఈ మొహాలు వేలాడేసుకోవడం?"

ఆ ఆదివారమే కారు బయటికి తీశారు. అందులో ఎక్కడమంటే కూర్చోవడం కాదు, పడటం. ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని ఆమె లోపలికి జారింది. ఎదురుగా చక్రం, దాని వెనక గుండ్రటి మీటర్లు, వాటి పక్కనే ఆయన కొత్తగా బిగించిన చిన్న మీటరు ఒకటి, టర్బో ఎంత గాలి తోస్తోందో చూపించేది. స్టీరింగు వెనక కూర్చోవడమే కొత్తగా అనిపించింది ఆమెకి. స్కూలు కారుని సర్వీసింగుకి తీసుకెళ్లేటప్పుడు తప్ప, ఆ వైపు సీటుతో ఆమెకి పనే ఉండేది కాదు.

ఆయన డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, నడుముకి బెల్టు కట్టుకుని, కింద రెండు దిండ్లు వేసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. వదిన గేటు దగ్గర నిలబడింది. ఎదురింటివాళ్లు వరండాలోకొచ్చారు.

క్లచ్ రాయిలా ఉంది. ఆమె బలమంతా పెట్టి తొక్కి, గేరు వేసి, వదిలింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన బ్రేకమ్మ, ఇంటి గేటు ముందు, పట్టపగలు బండి ఆపేసింది! ఎదురింటి వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"క్లచ్... మెల్లగా..." అన్నాడు ఆయన.

ఆమె తల తిప్పి ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి కిరాణా కొట్టాయనైతే అక్కడే దిగిపోయేవాడు.

రెండోసారి కదిలింది. ఆ తర్వాత ప్రతి ఉదయం, స్కూలుకి వెళ్లే ముందు, ఊరి బయట రోడ్డు మీద కాసేపు. నొక్కకూడదు, పరిగెత్తించకూడదు. మీటరు ముల్లు సగం దాటితే ఆయన ఉలిక్కిపడేవాడు. అంత బలమున్న బండిని ముసలి ఎద్దులా నడిపించడం. పైగా పక్కనుంచి ఎడతెగని మాటలు. జన్మంతా నోరు విప్పని మనిషి ఆ సీట్లో కూర్చోగానే వక్త అయిపోయాడు. గేరు మార్చు, ఇప్పుడు కాదు, ఇప్పుడు, ఆ గుంత చూశావా, ఆ లారీకి దూరం. మాటలైతే భరించొచ్చు. అసలు చిక్కల్లా ఒకటే. ఆయన పాదం. ఎదుట ఏది కనిపించినా ఆయన పాదం ముందున్న నేలని గట్టిగా తొక్కేది. అక్కడ బ్రేకు లేదు. ఆ పాదాన్ని చూస్తే ఆమెకి ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది. ఆ పాదం ఏ భయంతో తొక్కుతోందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు?

ఆ ఉదయాల్లో ఆమెకి నచ్చింది ఒక్కటే. ఇంటికి రాగానే ఇంజను కట్టేయకూడదు. టర్బో చక్రం వేడి మీద ఉంటుంది కాబట్టి ఒకట్రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ఆయన ముందే దిగి గేటు మూయడానికి వెళ్లేవాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, సీటుకి తల ఆనించి కళ్లు మూసుకునేది. ఎవరూ పిలవకూడదు, పిలిచినా లేవడానికి వీల్లేదు. రోజు మొత్తంలో అలాంటి వీలు ఆమెకి అంతకుముందు ఉండేది కాదు.

ఇంజను సర్దుకుందని ఆయన నమ్మేసరికి వానాకాలం దగ్గరపడింది. ఒక ఆదివారం, "ఇవాళ కొండ రోడ్డు. ఇవాళ నువ్వు నొక్కొచ్చు" అన్నాడు.

కొండ కింద మలుపు దాకా బాగానే వెళ్లారు. అక్కడినుంచి ఎత్తు మొదలైంది. రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె కాలు కొంచెం అదిమిందో లేదో "వద్దు వద్దు, ఇక్కడ కాదు!" అన్నాడు. ఇంకొంచెం ముందుకెళ్లాక "ఇప్పుడు నొక్కు" అన్నాడు. నొక్కబోతే "అంత కాదు!" అన్నాడు. నేల మీద ధడేల్మని పాదం.

ఆమె బండిని రోడ్డు పక్కనున్న టీ కొట్టు ముందు ఆపింది.

"దిగండి."

"ఏమైంది?"

"ఏం కాలేదు. దిగండి. టీ తాగండి."

"అది కాదు, నేను చెప్పేదేంటంటే..."

"ఇరవై ఏళ్లుగా నేను చెబుతూనే ఉన్నానండీ. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది, ఇప్పుడు వినడానికి కూడా ఓపిక లేదు. మీరు తయారుచేశారు, కాదనను. నడిపేది నేను. దిగండి."

ఆయన దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది, ఆమె సాయం చేయలేదు. అద్దంలో ఆయన దిండు చంకలో పెట్టుకుని నిలబడి ఉండటం కనిపించింది. జాలేసింది. అయినా గేరు వేసింది.

మొదటి మలుపు దాటాక తిన్నగా ఎక్కే రోడ్డు. ఆమె కాలు అదిమింది. మొదట ఏమీ జరగలేదు. బండి ఆలోచిస్తున్నట్టు అలాగే పోయింది. ఆమె "ఇంతేనా" అనుకుంది. అంతలో ముందునుంచి సన్నటి ఈల ఒకటి లేచింది, చిన్న మీటరు ముల్లు పక్కకి పడింది, వీపు మీద రెండు చేతులు పెట్టి ఎవరో తోసినట్టు బండి ముందుకి ఉరికింది. చెట్లు గోడలా కలిసిపోయాయి. పాదం తనంతట తనే బ్రేకు మీదికి దూకింది. బండి ముక్కు కిందికి వంచి, బుద్ధిగా నెమ్మదించింది. బ్రేకులు బాగున్నాయి.

కాసేపు అలాగే పోనిచ్చింది. తర్వాత మళ్లీ నొక్కింది. ఈసారి ఆ ఆలస్యం తెలుసు కాబట్టి, మలుపు పూర్తికాకముందే కాలు వేసి ఉంచింది. బలం సరిగ్గా రోడ్డు తిన్నగా అయ్యే చోటికి అందింది. ఇంకో మలుపు. ఇంకోటి. చేతులకి తెలుస్తోంది, కాలికి తెలుస్తోంది. పక్కసీటు ఖాళీ. ఎవరు ఏ తప్పు చేస్తారా అని కాచుకుని కూర్చోనక్కర్లేదు. తప్పు చేస్తే తనే చేయాలి, దిద్దుకుంటే తనే దిద్దుకోవాలి. ఇన్నేళ్లలో ఎన్ని వేల మైళ్లు తిరిగిందో గానీ, తనంతట తనుగా ఎక్కడికీ వెళ్లలేదని అప్పుడే తట్టింది. ఆనందమా అంటే ఏమో. బరువు దించుకున్నాక భుజం తేలిగ్గా ఉండి కూడా నొప్పెడుతుంది చూడండి, అలా ఉంది.

కొండ మీదికి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఠప్పుమని చప్పుడైంది. ఈల ఆగిపోయింది. బండి దగ్గుతూ, నల్లగా పొగ వదులుతూ, నడిచే మనిషి వేగానికి వచ్చేసింది. ఆమె దాన్ని పక్కకి లాగి, పిట్టగోడ దగ్గర ఆపి, ఫోను తీసింది.

"ఏదో ఊడింది" అంది.

టీ కొట్టు దగ్గరనుంచి ఆయన అడిగాడు, "నీకేం కాలేదుగా?"

"నాకేం కాలేదు. ఠప్పుమంది, బలం పోయింది, పొగ."

"పొగ నల్లగా ఉందా, తెల్లగానా?"

"నల్లగా."

"అమ్మయ్య. అయితే ఇంజను కాదు. గాలి గొట్టం ఊడుంటుంది. బానెట్టు ఎత్తు. ముందువైపు లావు రబ్బరు గొట్టం కనిపిస్తుందా?"

ఎత్తి చూసింది. లావుపాటి రబ్బరు గొట్టం ఒక కొస ఊడి, పక్కకి వాలిపోయి ఉంది. దానికుండాల్సిన ఇనప పట్టీ వదులై కిందికి జారింది. చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కుంది.

"కాలిపోతోందండీ."

"ముట్టుకోకు. చల్లారనీ. పట్టీ నేనే బిగించాను, నడుం వంగక సరిగ్గా బిగించలేకపోయానేమో" అన్నాడు.

ఆమె వెళ్లి పిట్టగోడ మీద కూర్చుంది. ఫోను పెట్టేయలేదు. ఆయనా పెట్టేయలేదు. కింద లోయలో మబ్బు నీడ ఒకటి పొలాల మీంచి మెల్లగా పోతోంది. అవతలివైపు టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"కూర్చున్నారా?" అంది.

"బల్ల మీద కూర్చుంటే నొప్పి. నిలబడే ఉన్నాను."

"మరి లోపలికెళ్లి పడుకోకపోయారా?"

"పర్లేదు." ఆ వెంటే అడిగాడు, "ఎలా ఉంది?"

గొట్టం గురించి అడుగుతున్నాడేమో అనుకుంది. కాదని గొంతుని బట్టి తెలిసింది.

ఆమె చెప్పింది. తనకి వచ్చిన మాటల్లోనే చెప్పింది. ముందు ఏమీ కాదు, తర్వాత వీపు మీద తోసినట్టు వస్తుంది అని. మలుపులో కాలు ముందే వేసి ఉంచాలి, లేకపోతే వెనకబడుతుంది అని. స్టీరింగు బరువుగా ఉన్నా అబద్ధమాడదు, రోడ్డు ఎలా ఉంటే అలా చేతికి చెబుతుంది అని. బ్రేకు తొక్కితే బండి ఎటూ లాగకుండా తిన్నగా నిలబడింది అని. ఆయన మధ్యలో "ఊఁ" అన్నాడు, ఇంకోసారి "ఊఁ" అన్నాడు. తర్వాత అది కూడా లేదు.

"ఉన్నారా?"

"ఉన్నాను. నేనింక నడపలేను కదూ."

ఇన్ని నెలల్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. నయమవుతుందిలెండి అనొచ్చు. ఎవరికి తెలుసు అనొచ్చు. పొద్దస్తమానం భయపడే మనుషులకి ధైర్యం చెప్పే ఉద్యోగం ఆమెది, అలాంటి మాటలు నాలిక చివరే ఉంటాయి. కానీ ఆమెకి ఓపిక లేకపోయింది.

"నడపలేరు" అంది.

ఆయన ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది. ఆమెకీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కోసమో, తన మోకాలి కోసమో, పోయిన ఆదివారాల కోసమో ఆమెకే తెలియలేదు. చెంగుతో తుడుచుకుంది.

"నాకు అలసటగా ఉందండీ" అంది. "ఇవాళ్టిది కాదు. చాలా ఏళ్లది."

"తెలుసు."

"తెలిస్తే ఎప్పుడూ అనలేదేం?"

"అంటే, మరి ఏం చేస్తారని అడుగుతావుగా. ఏం చేయాలో నాకు తెలీదు. షెడ్డులోకెళ్లి కూర్చునేవాణ్ణి."

గాలి వీస్తోంది. బానెట్టు కింద ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. అలా ఏమీ మాట్లాడకుండా ఫోను చెవికి పెట్టుకుని కూర్చోవడం పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లకి లేదు.

చల్లారాక ఆమె సీటు కింద సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, గుడ్డతో పట్టుకుని గొట్టాన్ని దాని మూతిలోకి తోసి, పట్టీ ఎక్కించి, ఆయన చాలనేదాకా బిగించింది. ఆయన చాలన్నాక ఇంకో చుట్టు బిగించింది. బండి తిప్పుకుని నెమ్మదిగా కొండ దిగింది.

టీ కొట్టు దగ్గర ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, ముఖం పాలిపోయి. ఈసారి ఆమె దిగి, చెయ్యి పట్టి, దిండు సర్ది కూర్చోబెట్టింది. ఇంటిదాకా ఆయన ఒక్క మాట అనలేదు. పాదం మాత్రం ఊరుకోలేదు.

ఆ తర్వాత పెద్దగా మారిందేమీ లేదు, మారినవన్నీ చిన్నవే. స్కూలు యజమానితో ఆమె మధ్యాహ్నం బ్యాచీలు తన వల్ల కాదని చెప్పేసింది. ఆయన గొణిగాడు, వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఆ కొత్త మనిషికి అందరూ కొత్త బ్రేకమ్మ అని పేరు పెడితే, ఈమెకి ఎందుకో కొంచెం చురుక్కుమంది. ఫిట్టరు మళ్లీ వర్క్‌షాపుకి వెళ్తున్నాడు. బరువులు ఎత్తకుండా, బల్ల దగ్గర నిలబడి విప్పిన మోటార్లు పరీక్షించే పని. కారుకి ఏదైనా చేయాల్సొస్తే ఆమె కింద దూరుతుంది, ఆయన స్టూలు మీద కూర్చుని దీపం పట్టుకుంటాడు. ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. "పదమూడో నంబరు పానా అంటే పన్నెండు ఇచ్చారేంటి?" "నువ్వు అడిగిందే ఇచ్చాను." వదిన కిటికీ లోంచి ఇద్దరికీ సమానంగా తిట్లు పంచుతుంది.

వదినని కూడా ఒకసారి ఎక్కించుకెళ్లింది. చూసి తీరాల్సిందేనని ఆవిడ పట్టుబట్టింది. తలకి గుడ్డ కట్టుకుని, పర్సు ఒళ్లో పెట్టుకుని, మహారాణిలా కూర్చుంది. కొండ రోడ్డు మీద బ్రేకమ్మ కాలు అదిమినప్పుడు "ఓసి దీని దుంప తెగ!" అని అరిచి, మరుక్షణమే "మళ్లీ చెయ్" అంది. కొండ దిగేటప్పుడు చూస్తే అంత చప్పుడులోనూ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఆదివారం కొండ రోడ్డుకి వెళ్లడం అలవాటైంది. ఒక్కోసారి ఒంటరిగా, ఒక్కోసారి ఆయనతో. ఆయన ఉంటే నెమ్మదిగా, లేకపోతే కొంచెం గట్టిగా. వచ్చాక ఎలా నడిచిందో చెప్పాలి. ఏ మలుపులో ఏమైందో చెప్పాలి. ఆయన కళ్లు మూసుకుని వింటాడు, మధ్యలో ఒకటి రెండు అడుగుతాడు.

అలాంటి ఒక ఆదివారం పొద్దున్నుంచి ముసురు పట్టింది. పదింటికి వాన తెరిపిచ్చింది. ఆయన లేచి చొక్కా వేసుకుని తాళం తీసుకొచ్చి ఆమె దగ్గర పెట్టాడు. ఆమె మంచం మీద పడుకుని, వాచిన మోకాలి కింద దిండు పెట్టుకుని ఉంది.

"రోడ్డు ఆరింది" అన్నాడు.

"వెళ్లాలనిపించడం లేదండీ ఇవాళ. ఒళ్లు బరువుగా ఉంది."

ఆయన తాళం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఇక ఆ "సరేలే" వస్తుందని ఆమె ఎదురుచూసింది.

"నాకూ అలాగే ఉంది" అన్నాడు ఆయన. చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, నడుం పట్టుకుని జాగ్రత్తగా పక్కన వాలాడు. కాసేపటికి మళ్లీ వాన మొదలైంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా నిద్రపోయారు. భోజనానికి వదినే వచ్చి లేపాల్సొచ్చింది.